ఇటుక అడ్డం పెట్టిన డ్రమ్ము

ముందర ఇటుక పెట్టకపోతే పాటకో అంగుళం జరుగుతాను. కాలితో తన్నే పెద్ద డ్రమ్ము నైజమే అంత. ఎంత మోజున్నా డ్రమ్ సెట్ స్టేజీ ముందుకు రాకూడదు కదా, అక్కడ పాడేవాళ్లుంటారు.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన ఒక సౌండ్ సర్వీస్ గోదాములో ఉంటాను. సెకండ్ హ్యాండ్‌లో వచ్చాను. ఇంజినీరింగ్ కాలేజీల ఫెస్టులు, రిసెప్షన్లు, వినాయక మండపాలు, ఇవే నా కచేరీలు. ఒక ఫెస్టులో ఎవరో హుషారైన కుర్రాడు బూటుకాలితో ఎక్కి స్నేర్ చర్మం చించాడు. కిరాయిలో కోత మాత్రం మాకే పడింది. చర్మం అంటున్నానే గానీ అది ప్లాస్టిక్కే.

మా పిల్లాడు కేబుళ్లు చుట్టే పనికి వచ్చాడు. వాళ్ల నాన్న బోనాలకు, పెళ్లిళ్లకు, చావులకు డప్పు కొడతాడు. ఆ డప్పుది మేకతోలు, మంట కాగితే గానీ పలకదు. నాకు మరలు బిగిస్తే చాలు. దానికి సిర్ర, సిటికెన పుల్ల, రెండు చేతులు సరిపోతాయి. నాకు రెండు కాళ్లు కూడా కావాలి, ఒక్కోదానిది ఒక్కో లెక్క. నా మీద నేర్చుకోవడం మొదలెట్టాక పిల్లాడి కుడికాలు మాట వినడానికి నెల పట్టింది. ఆ నెల్లాళ్లూ దెబ్బలు తిన్నది నా కడుపే.

రాత్రుళ్లు ఫోన్లో 'బాయ్స్' చూసేవాడు. 2003లో శంకర్ తీసిన బ్యాండు కుర్రాళ్ల కథ. అందులో డ్రమ్స్ దగ్గరి బొద్దబ్బాయే తమన్. తండ్రి ఘంటసాల శివకుమార్ సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర డ్రమ్మరు, తాత 'బాలరాజు' తీసిన బలరామయ్య. తండ్రి తొందరగా పోతే చిన్నతనంలోనే పుల్లలు పట్టి రికార్డింగులకు వెళ్లాడు. సంగీత దర్శకుడిగా తెలుగులో నిలబెట్టిన సినిమా 2009 నాటి 'కిక్'. నా పెద్ద డ్రమ్ముని పిలిచేదీ ఆ పేరుతోనే. ఎవరూ పట్టించుకోరు గానీ నాకు మాత్రం గర్వమే.

డ్రమ్మరు పాట కడితే చప్పుడే గానీ స్వరమేముంటుందని గోదాములో వాదన లేచింది. పిల్లాడు 'సామజవరగమన' పెట్టాడు. ఆ 'అల వైకుంఠపురములో' పాటలకే తమన్‌కి 2020 సంవత్సరపు జాతీయ అవార్డు దక్కింది. నాకందులో వింతేమీ లేదు. వెనక కూర్చున్నవాడికి పాడేవాళ్ల ముఖాలు కనపడవు. ఎవరెక్కడ ఊపిరి తీసుకుంటారో వీపులు చూసి పట్టాలి. అలా ఏళ్లు గడిపినవాడికి పాట రాకేం చేస్తుంది? అయితే ఆయన నేపథ్య సంగీతంలో కొన్నిచోట్ల మావాళ్ల మోత మాటల్ని మింగేస్తుంది. సొంతవాళ్లయినా చెప్పాలి.

అదే సినిమాలోని 'రాములో రాములా' మోగుతుంటే పిల్లాడి నాన్న గుమ్మంలో ఆగాడు.

“గిది మన దెబ్బనే గదరా!”

“అవ్ నాయినా. పైసలే మనయి గావు.”

ఆ రాత్రే తండ్రి దెబ్బని నా మీద పరిచాడు. సిర్రది టామ్ మీద, సిటికెన పుల్లది హై-హ్యాట్ మీద. పైన ఒక వరుస కూనిరాగం తీసి ఫోన్లో ఎక్కించాడు, చెరిపాడు, మళ్లీ ఎక్కించాడు. తెల్లారేసరికి దానికి 'పెద్ద చెరువు' అని పేరు పెట్టాడు, మా ఊరి చెరువు పేరే.

ఆదివారం మంచాల ఊళ్లో రిసెప్షన్. భోజనాల వేళ సినిమా పాటల మధ్య మాటల్లేని పాట ఒకటి వస్తుంది. బిర్యానీ మీంచి తలెత్తి ఒక్కసారి స్టేజీ వెనక్కి చూడండి. నా ముందర ఇటుక ఉంటుంది.