చెవి కోస్తే చీము పట్టదట!

డాబర్‌మన్ పిల్లను కొన్న పెద్దమనిషికి అమ్మినాయన ఒక సలహా ఉచితంగా పారేస్తాడు: "చెవులు కోయించెయ్యండి సార్. గాలాడుద్ది. ఇంక జన్మలో ఇన్‌ఫెక్షన్ రాదు." సార్ మురిసిపోతారు. నిజానికి ఆయనకు కావలసింది గేటు దగ్గర నిటారుగా నిలబడే రెండు చెవులు, వాటిని చూసి వీధిలోవాళ్లు పడే హడలు. ఆ మాట పైకి అంటే బాగోదు. అదే "దాని ఆరోగ్యం కోసమండీ" అంటే అడిగినవాడు నోరు మూసుకుంటాడు. ఆరోగ్యం పేరు చెబితే మన దగ్గర ఏదైనా చెల్లిపోతుంది, కత్తిపీటతో సహా.

ఈ వైద్యశాస్త్రం ఎంత గొప్పదో చూద్దాం. కుక్క చెవి గొట్టం ముందు నిలువుగా కిందికి దిగి, అక్కణ్ణుంచి కర్ణభేరి వైపు అడ్డంగా మళ్లుతుంది. తేమా గులిమీ పేరుకునేది ఆ లోపల. కత్తి పడేది మాత్రం పైనున్న చెవి డొప్ప మీద. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టినవాడి గురించి విన్నాం. ఇతగాడు ఇంకో మెట్టు పైన: ఇల్లు తగలబెట్టి ఎలుకల్ని కలుగులో క్షేమంగా ఉంచాడు.

పైగా రోగం చాలాసార్లు చెవితో మొదలవదు. తిండి పడకో, దుమ్మూ పుప్పొడీ పడకో ఒంటికి అలర్జీ వస్తుంది. ఆ చర్మమే చెవి లోపల కూడా ఉంది కాబట్టి అదీ వాస్తుంది. మామూలు రోజుల్లో అక్కడ కొద్దికొద్దిగా బతికే మలసీజియా అనే ఈస్టు, స్టాఫైలోకాకస్ లాంటి బ్యాక్టీరియా అదను చూసి విజృంభిస్తాయి. కత్తి పడకుండానే నిక్కబొడిచిన చెవులున్న జర్మన్ షెపర్డ్ కూడా అలర్జీ వస్తే చెవులు గోక్కుంటూ వెట్ దగ్గరికి వెళుతుంది. దానికేం గాలి తక్కువైంది?

వేలాడే చెవుల్లో తేమ ఎక్కువసేపు నిలుస్తుంది, కాదనను. కాకర్ స్పేనియల్, బసెట్ హౌండ్ ఈ బాధలో ముందువరసలో ఉంటాయి. మరి వాటి చెవులు ఎవరూ కోయించరేం? అవి ముద్దొచ్చే కుక్కలు గనక! ఆరోగ్యం అక్కర్లేదు కాబోలు. కాపలాకుక్కల ఆరోగ్యం మీదే మనవాళ్లకు ఇంత ఆరాటం.

రెండు మూడు నెలల పిల్లకు మత్తిచ్చి చెవులు కోస్తారు. తర్వాత అవి నిలబడేదాకా వారాల తరబడి టేపులు చుడతారు. ఆ కోత పుండు చీము పట్టకుండా మందులు కూడా వాడాలి! ఇన్‌ఫెక్షన్ రాకుండా చేసిన పనికి ఇన్‌ఫెక్షన్ భయం.

డాబర్‌మన్ పుట్టింది జర్మనీలో. అపోల్డా ఊళ్లో పన్నులు వసూలు చేసే లూయీ డాబర్‌మన్ పేరే దానికి పెట్టారు. ఆ జర్మనీలోనే 1987 నుంచి చెవులు కోయడం నిషేధం. అక్కడి డాబర్‌మన్లు వాలిన చెవులతో దర్జాగా తిరుగుతున్నాయి. మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా జంతువుల అవయవాలు ఛేదించడాన్ని క్రూరత్వంగానే లెక్కవేసింది. చదివినవాళ్లు తక్కువ.

అసలు ప్రమాదం ఆ తర్వాత మొదలవుతుంది. కోయించాం గదా అనే ధీమాతో చెవిలోకి చూడటమే మానేస్తారు. కుక్క తల విదిలిస్తుంది, చెవిని గోడకు రుద్దుతుంది, తల ఓ పక్కకు వాల్చి నడుస్తుంది. ఇంట్లో దిష్టి తీస్తారు. అదీ పనిచేయకపోతే వెల్లుల్లి కాచిన నూనె పోస్తారు. ఆనక నిరుటి చుక్కలమందు వెతుకుతారు. కర్ణభేరి చిరిగి ఉంటే కొన్ని చుక్కలమందులు వినికిడినే పోగొడతాయి. లోపల చూసి, గులిమిని మైక్రోస్కోప్ కింద పెట్టి ఈస్టో, బ్యాక్టీరియానో, పురుగులో తేల్చుకునే వెట్ మందు రాస్తారు.

వారానికోసారి చెవి ఎత్తి చూడండి, వాసన చూడండి. పుల్లగానో, కుళ్లుగానో ఉన్నా, ఎర్రగా వాచినా, గోధుమరంగో నలుపో గులిమి కారుతున్నా ఆ రోజే వెట్‌కు చూపించండి. స్నానమయ్యాక చెవులు పొడిగా తుడవండి. ఇయర్‌బడ్ లోపలికి దూర్చకండి. అది మురికిని ఇంకా లోపలికి తోస్తుంది. ఈసారి కుక్కపిల్లను కొనడానికి వెళ్లినప్పుడు చెవులు కోసిన పిల్లను చూపిస్తే, వద్దని లేచి వచ్చేయండి.