చేపలేవండీ?

మా హాల్లో ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టిన దగ్గర్నుంచీ ఇంటికొచ్చినవాళ్లు చెప్పులు విప్పకముందే అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. "చేపలేవండీ?" పాలబ్బాయి అడిగాడు. కరెంటు రీడింగు తీసే కుర్రాడు అడిగాడు. పై వాటా ఆవిడైతే నేనెక్కడో దాచానని అనుమానమొచ్చి ట్యాంకు వెనక్కి వంగి మరీ చూసింది.

లేవండీ. ఇంకా వెయ్యలేదు. 200 లీటర్ల నీళ్లు, అడుగున ఇసుక, నాలుగు రాళ్లు, బుడబుడమనే పంపు. ప్రస్తుతానికి దర్శనం అంతే.

విశాఖపట్నంలో ఉంటూ, డాబా ఎక్కితే సముద్రం కనిపిస్తుంటే, ఉప్పు ప్యాకెట్లు కొని ఆర్వో నీళ్లలో కలుపుతున్నానని తెలిశాక జనం నన్ను చూసే చూపే మారిపోయింది. లీటరుకి 35 గ్రాముల చొప్పున 7 కిలోల ఉప్పు. "రెండు డబ్బాలు పట్టుకెళ్లి బీచిలో ముంచుకొస్తే పోయేదానికి" అంటారు. ఒడ్డున ముంచుకొచ్చే నీళ్లలో సముద్రంతోపాటు ఊళ్లో గెడ్డలు కూడా ఉంటాయని చెబితే వినరు.

షాపువాడు మాత్రం ఉప్పు కలిపిన రోజునే "రేపు వేసేయండి సార్" అన్నాడు. వాడికేం, చేప చస్తే ఇంకో చేప అమ్ముతాడు. చేప విసర్జించింది, తినగా మిగిలిన మేత, అన్నీ చివరికి అమోనియా అవుతాయి. అది పచ్చి విషం. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైటుగా మారుస్తుంది, ఆ నైట్రైటుని ఇంకో రకం నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటుతో కొంతవరకు ఇబ్బంది లేదు, అప్పుడప్పుడు నీళ్లు మారిస్తే సరి. ఈ రెండు రకాలూ వచ్చి రాళ్ల మీద, ఇసుకలో స్థిరపడాలి. తీరుబడిగా పెరిగే రకాలివి. సంఖ్య రెట్టింపు కావడానికి దాదాపు ఒక రోజు తీసుకుంటాయి. అందుకే నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అందాకా వాటికి తిండి ఉండాలి కాబట్టి ఒక పచ్చి రొయ్యని నీళ్లలో వేసి కుళ్లబెట్టాను. ఇగురుకి తెచ్చిన రొయ్యని పారేసి దానికి సైన్సని పేరు పెట్టొద్దని మా ఆవిడ అంది.

ఇక టెస్ట్ కిట్. గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, చుక్కలు వేసి, ఊపి, ఐదు నిమిషాలాగి, వచ్చిన రంగుని కార్డుతో సరిచూసుకోవాలి. అమోనియా లేకపోతే పసుపు, ఉంటే ఆకుపచ్చ. వినడానికి సుఖంగానే ఉంది. కానీ కార్డు మీద సున్నాకి ఒక పసుపు, దాని కిందనే 0.25కి ఇంకో పసుపు. ఈ రెండు పసుపుల మధ్య మా కాపురం ఇరుక్కుంది.

నాకు సున్నా అనిపించింది. మా ఆవిడ గొట్టాన్ని వెలుతురుకెత్తి చూసి, "కార్డు మీదది మెంతి రంగు. మీది లేత నిమ్మపండు" అంది. చీర అంచులోంచి ఒక దారప్పోగు పట్టుకెళ్లి, జగదాంబ జంక్షన్ దగ్గర షాపులన్నీ తిరిగి, సరిగ్గా ఆ రంగు జాకెట్టు గుడ్డే తెచ్చే మనిషి. ఆ మాట కాదనడానికి నా దగ్గర అర్హతలేవీ లేవు. ట్యూబులైటు కింద రంగు చూడకూడదు, పగటి వెలుతురులోకి పదండి అంది. ఇద్దరం గొట్టం, కార్డు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాం. పై వాటా ఆవిడ దిగొచ్చి, "పసుపెక్కడండీ, నిక్షేపంలాంటి చిలకాకుపచ్చ అయితేనూ!" అంది. దాంతో ఆడవాళ్లిద్దరికీ మాట మాట పెరిగి, పోయిన దసరాకి కొన్న పట్టుచీర అసలు ఏ రంగన్నదాకా వెళ్లింది. సంతకం కోసం నిలబడ్డ కొరియర్ కుర్రాడు లెమన్ ఎల్లో అని తీర్పిచ్చాడు. చివరికి వాచ్‌మన్ కళ్లద్దాలు సర్దుకుని, గొట్టంలో ఉన్నదాన్ని, నన్ను మార్చి మార్చి చూసి, "ఆలస్యం చేయకండి బాబూ, డాక్టరుకి చూపించండి" అన్నాడు. గొట్టం జేబులో పెట్టుకుని లోపలికొచ్చేశాను.

ఇన్నాళ్లలో చేపలేవని అడగని మనిషి మా మావగారొక్కరే. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తారు. వస్తూనే ట్యాంకు చూసి, "అమోనియా ఎంతుంది అల్లుడుగారూ?" అన్నారు.

"మీ అమ్మాయి లెక్కలో 0.25 అండీ."

"అయితే ఆగండి. మేం చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, నీళ్లు పెట్టి, నీళ్లకి రంగొచ్చాకే సీడ్ వదుల్తాం. తొందరపడ్డవాడు రాత్రంతా గట్టు మీదే."

ఈ "చేపలేవండీ" లాంటి ప్రశ్న ఇంతకుముందు ఎక్కడో విన్నానే అనుకుంటూ వచ్చాను. మా చెల్లెలికి పెళ్లయ్యాక చాలా ఏళ్లపాటు, ఏ పేరంటానికి వెళ్లినా "ఏమైనా విశేషమా అమ్మా?" అని అడిగేవాళ్లు. వాళ్లేమీ చెడ్డవాళ్లు కారు. కొన్నాళ్లకి అది పేరంటాలకి వెళ్లడం మానేసింది. తాంబూలం ఎవరో ఒకరి చేత ఇంటికే పంపేవాళ్లు. నన్ను అడిగేది చేపల గురించి కాబట్టి పైకి విసుక్కోగలుగుతున్నాను.

ఇంతకీ ట్యాంకు సిద్ధమైందని ఎలా తెలుస్తుందంటారా? క్యాలెండరు చెప్పదు. నీళ్లు తేటగా ఉన్నాయంటే అసలే నమ్మొద్దు, విషం కూడా తేటగానే ఉంటుంది. రాళ్ల మీద గోధుమరంగు నాచు పట్టిందని సంబరపడొద్దు, అది కొత్త ట్యాంకులన్నిటికీ పట్టేదే. లీటరుకి 2 మిల్లీగ్రాముల లెక్కన అమోనియా కలిపి, 24 గంటలయ్యాక చూడండి. అమోనియా, నైట్రైటు రెండూ సున్నాకొస్తే సిద్ధమైనట్టు. ఉప్పునీళ్లలో చేపకి నైట్రైటు విషం అంతగా ఎక్కదు గానీ, అది కనిపిస్తోందంటే రెండో రకం బాక్టీరియాకి ఇంకా బలం చాలలేదని అర్థం. మా ఇంట్లో నైట్రైటు చూసే గొట్టం ఇంకా ఊదారంగులోనే ఉంది. దీని మీద మాత్రం ఎవరికీ అభిప్రాయభేదాల్లేవు.

రెండూ సున్నా అయ్యాక కూడా నీళ్లు కొంత మార్చి, ముందు ఒకటో రెండో చేపలు వేయండి. వాటి మురికికి సరిపడా బాక్టీరియా పెరిగాకే మిగతావి. నెమో సినిమా చూసిన పిల్లలు పది కావాలని గోల చేస్తారు, చెయ్యనివ్వండి. ఉప్పు కొన్నరోజే చేపలు కూడా కట్టిచ్చే షాపుకి మాత్రం రెండోసారి వెళ్లకండి.