పైన పటారం, లోన ఒక బిస్కెట్టు

జపాను వాళ్లు మిఠాయిని తినరు, విప్పుతారు. తినడమనేది ఆ క్రతువు చివర పాడే మంగళం మాత్రమే. టోక్యో స్టేషన్‌లో కాస్త పేరున్న బిస్కెట్ల పెట్టె కొని చూడండి. ముందు చేతిసంచి. సంచిలో దుకాణం వారి కాగితం కట్టిన పెట్టె. మూత తీస్తే మెత్తటి పరుపు. పరుపు కింద గుంటలు గుంటలుగా ప్లాస్టిక్ తట్ట. ఒక్కో గుంటలో ఒక్కో పొట్లం. పొట్లం చింపితే, ఎట్టకేలకు, రెండు కొరుకుల్లో మాయమయ్యే బిస్కెట్టు దర్శనమిస్తుంది. అది గొంతు దిగేసరికి బల్ల మీద పెళ్లి భోజనాలు లేచినంత చెత్త.

దీన్ని దుబారా అనకూడదట. మర్యాద అనాలట. ఎన్ని పొరలుంటే అంత గౌరవమని ఆ మర్యాద తెలిసినవాళ్లు చెబుతారు. ఆ లెక్కన ఉల్లిపాయను మించిన మర్యాదస్తురాలు లోకంలో లేదు.

ఈ మర్యాదకు పుట్టిల్లు డిపార్ట్‌మెంట్ స్టోర్ల నేలమాళిగ. కౌంటర్‌లో అమ్మాయి కాగితం పరిచి, పెట్టెను ఏటవాలుగా పెట్టి, దొర్లిస్తూ మడతలు వేసుకుంటూ పోయి, చివరికి ఒక్క టేపు ముక్కతో బిగించేస్తుంది. కళ్లప్పగించి చూడాల్సిన పనితనం, కాదనం. మిత్సుకోషి స్టోరు వారి కాగితం మీది బొమ్మను 1950లో గెనిచిరో ఇనోకుమా అనే పేరున్న చిత్రకారుడు వేశాడు. దాని మీద స్టోరు పేరు రాసిన ఉద్యోగి తకాషి యనాసే తర్వాత ఆన్‌పన్‌మాన్ బొమ్మలతో దేశంలో ప్రతి పసివాడికీ చుట్టమయ్యాడు. ఇద్దరు మహానుభావుల చేయి పడ్డ ఆ కాగితం ఆయుష్షు కౌంటర్ నుంచి డ్రాయింగ్ రూము దాకా! బయట వాన మొదలైతే చాలా స్టోర్లలో లోపల పాట మారుతుంది. సిబ్బందికి అది సైగ: కాగితపు సంచులకు ప్లాస్టిక్ తొడుగులు వేయండని. బిస్కెట్టుకు వానకోటు! ఇక ఆ పెట్టెను ఎవరికో ఇచ్చేటప్పుడు మనం మోసుకొచ్చిన సంచితోనే ఇస్తే బాగుండదు కదా, అందుకని మడత నలగని మరో సంచి కూడా లోపల పడేస్తారు.

ఇదంతా తినేవాడి కోసమనుకుంటే పొరపాటు. ఊరెళ్లి వచ్చిన ఉద్యోగి ఆఫీసులో తలా ఒకటి పంచాలి. ఒమియగె అనే ఆ ఊరి కానుక పెట్టకపోతే చిన్నతనం. హొక్కైడో వెళ్లినవాడు షిరోయి కొయిబితో బిస్కెట్లు తేవాలి, టోక్యో వెళ్లినవాడు టోక్యో బనానా కేకులు తేవాలి. మొదటిది 1976లో పుట్టింది, రెండోది 1991లో. టోక్యోకి, అరటిపండుకి ఏమిటి సంబంధమని అడక్కండి, స్టేషన్‌లో దొరకడమే సంబంధం. పక్క బల్ల వాడు సీట్లో లేకపోయినా అతని కీబోర్డు పక్కన ఒకటి పెట్టి పోవచ్చు. పొట్లం ప్రయోజనం అదీ.

సరే, ఆఫీసు కోసమని ఒప్పుకుందాం. మరి ఇంట్లో బీరు పక్కన ఒంటరిగా నమిలే కాకి నో తానె మాటేమిటి? కారంకారంగా ఉండే బియ్యపు బిళ్లలు, వాటితో వేరుశనగ పలుకులు. ఆ పెద్ద సంచిలో ఆరు చిన్న సంచులు. ఆ ఒంటరివాడు తలా ఒకటి ఎవరికి పంచాలి? కుర్చీలకా?

తేమ, అంటారు కంపెనీల వారు. జూన్ వానలకు బిళ్లలు మెత్తబడిపోతాయట. తేమ నిజమే. కానీ గాలి చొరని డబ్బా తెలియని దేశమా అది? క్యోటోలో కైకాదో వారు 1875 నుంచి టీ ఆకుకు రేకు డబ్బాలు చేస్తున్నారు. మూతను పైన ఆనించి వదిలేస్తే దాని బరువుకు అదే మెల్లగా దిగి కూర్చుంటుంది. అంతకంటే ముందు ఆకులున్నాయి. సకురమోచి అనే మిఠాయిని ఉప్పులో ఊరేసిన చెర్రీ ఆకులో చుడతారు, ఆకుతో సహా తినేయొచ్చు. నీగాటా వారి ససదాంగోకి వెదురు జాతి ఆకు. ఆ పొర మిఠాయికి వాసన ఇచ్చి మట్టిలో కలిసేది. ఇప్పటి పొర ఇచ్చేది చెత్తబుట్టకు పని.

ప్రభుత్వం ఊరుకుందా అంటే, ఊరుకోలేదు. తలసరి ప్లాస్టిక్ ప్యాకింగ్ చెత్తలో జపానుది అమెరికా తర్వాతి స్థానమని 2018లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క తేల్చింది. 2020 జూలై 1 నుంచి దుకాణాల్లో ప్లాస్టిక్ సంచి ఊరికే ఇవ్వకూడదన్నారు. ఇప్పుడు ఇరవై ప్లాస్టిక్ పొట్లాలున్న సరుకు కొన్నవాడు పైసంచి ఒక్కదానికి మూడో అయిదో యెన్లు కట్టి పర్యావరణాన్ని కాపాడి ఇంటికి వెళుతున్నాడు. మేకల మంద లోపలికి వెళ్లాక కోడిపిల్లకు తలుపు వేశారన్నమాట.

కంపెనీలూ తక్కువ తినలేదు. 2019లో నెస్లే జపాన్ కిట్‌క్యాట్ పెద్ద ప్యాకుల పైసంచిని కాగితంతో చేసి, దాన్ని పారేయకుండా ఒరిగామి కొంగగా మడవమని సలహా ఇచ్చింది. లోపలి చిన్న పొట్లాలు మాత్రం ప్లాస్టిక్‌వే. కాగితం కొంగ ఎగిరిపోయింది, ప్లాస్టిక్ రెక్కలు ఇంట్లో మిగిలాయి. ఆ రెక్కలను కడిగి, ఆరబెట్టి, వాటికని కేటాయించిన రోజున బయట పెట్టడం తిన్నవాడి పూచీ. తీరా చూస్తే దేశంలో పోగయ్యే ప్లాస్టిక్ చెత్తలో సగానికి పైగా వేడి కోసం కాల్చేదే. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు థర్మల్ రీసైకిల్. మన ఊళ్లో దాన్ని మంట అంటారు.

సిగ్గుపడటం తెలియని వాళ్లా అంటే, అదీ కాదు. 2016లో గరిగరి-కున్ పుల్ల ఐస్ ధర 60 యెన్ల నుంచి 70కి పెంచినప్పుడు, పాతికేళ్ల తర్వాత పెంచుతున్నందుకు అకాగి కంపెనీ ఛైర్మన్, ఉద్యోగులు వరసగా నిలబడి టీవీ ప్రకటనలో తలలు వంచారు. పది యెన్లకు వంగిన నడుములు పొట్లాలకు మాత్రం వంగవు. పొట్లం వాళ్ల దృష్టిలో తప్పు కాదు, సేవ.

ఇక మన సంగతి. టోక్యో నుంచి వచ్చే మన సాఫ్ట్‌వేర్ పిల్లలు గ్రీన్ టీ కిట్‌క్యాట్‌తో పాటు ఈ మర్యాదను కూడా సూట్‌కేసులో తెస్తున్నారు. దీపావళికి హైదరాబాద్‌లో చేతులు మారే డ్రైఫ్రూట్ పెట్టెల్లో వెల్వెట్ పరుపు మీద పన్నెండు జీడిపప్పులు పడుకోవడం మొదలై చాలాకాలమైంది. ఇచ్చేవాడి హోదా, చుట్టేవాడి వ్యాపారం, తినేవాడి ఇంట్లో చెత్త: ఈ మర్యాద అసలు పంపకం ఇదే. ఈసారి కొనేముందు పెట్టె సైజు చూడకండి. వెనక్కి తిప్పి, సన్నటి అక్షరాల్లో ఉండే గ్రాముల అంకె చదవండి. మీరు డబ్బిచ్చేది దానికే.