ఎనిమిది గదులకు ఒక్క మీటరు

నేను కరెంటు మీటర్ని. హైదరాబాద్‌కు ఉత్తరాన, జీడిమెట్ల పారిశ్రామికవాడను ఆనుకుని ఉన్న సుభాష్‌నగర్‌లో ఒక సిమెంటు రేకుల ఇంటి గోడకు నన్ను బిగించారు. ఇల్లంటే ఒక కుటుంబం ఉండేది కాదు. ఒకే వరుసలో ఎనిమిది గదులు, చివర రెండు బాత్రూములు, సరిగ్గా నా కింద ఒక నల్లా. నీళ్లొచ్చే గంటసేపు అందరూ అక్కడే నిలబడతారు కాబట్టి ఎవరిది ఏ ఊరో, ఎవరికి జీతం పడలేదో నాకు తెలియకుండా ఉండదు.

మాట వినపడకపోయినా తెలుస్తుంది. నా మీద ఒక ఎర్ర దీపం ఉంటుంది. అది 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్. తెల్లవారుజామున మూడున్నరకు మూడో గదిలో లైటు వెలిగిందంటే రంజాన్ నెల వచ్చినట్టు. జహీరాబాద్ నుంచి వచ్చిన ఆ ఇల్లాలు సహరీకి రొట్టెలు చేస్తోంది. సంక్రాంతికి శ్రీకాకుళం వాళ్ల గది చీకటి. దీపావళి దాటాక ఛఠ్ పూజకు బీహార్ కుర్రాళ్లు ఊరెళితే ఆరో గది చీకటి. ఆ గదిలో ఐదుగురుంటారు. ముగ్గురు పగటి షిఫ్టుకు పోతే ఇద్దరు రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకుంటారు. కాబట్టి అక్కడి ఫ్యానుకు విశ్రాంతి లేదు. మే నెలలో ఏ గదిలోనైనా ఆ రేకుల కింద ఫ్యాను తిప్పేది వేడి గాలినే. అయినా ఆపితే పసిపిల్లలు ఏడుస్తారు.

రెండో గదిలో పాలమూరు అమ్మాయి ఉంటుంది. భర్త ప్లాస్టిక్ కంపెనీలో హెల్పరు. ఆమె మోటారు పెట్టిన కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుంది. ఆమె కాలు పెడల్ మీద పడ్డప్పుడల్లా నా దీపం కాస్త వేగం అందుకుంటుంది, తీయగానే నెమ్మదిస్తుంది. పిల్లలను బడికి పంపి మొదలుపెడితే అర్ధరాత్రి దాకా అదే వరస.

ఈ పక్కనే బాలానగర్‌లో ఐడీపీఎల్, చింతల్ వైపు హెచ్ఎంటీ లాంటి ప్రభుత్వ కర్మాగారాలు నడిచిన రోజుల్లో ఉద్యోగంతో పాటు చాలామందికి క్వార్టరు కూడా దొరికేది. కంపెనీ కాలనీలంటూ వెలిశాయి. ఇప్పుడు మందుల కంపెనీల్లో, ప్లాస్టిక్ అచ్చుల దగ్గర, ఇనుప షెడ్లలో చేసేవాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టరు మనుషులు. గది సంగతి వాళ్లే చూసుకోవాలి. అలా వచ్చినవాళ్లకు కిరాయికిచ్చేందుకే ఈ వరుస గదులు పుట్టాయి. వాటితోనే నేనూ వచ్చాను.

లెక్క దగ్గరికి వస్తాను, నా బతుకే లెక్క కదా. ఇక్కడ ఒక్కో గది నెలకు 90 యూనిట్లకు అటూ ఇటూగా కాలుస్తుంది. 2022 నుంచి ఉన్న ధరల ప్రకారం, 90 యూనిట్లు వాడే ఇంటికి సొంత మీటరు ఉంటే మొదటి 50కి రూ. 1.95 చొప్పున, మిగతా 40కి రూ. 3.10 చొప్పున మొత్తం 221 రూపాయల 50 పైసలు. ఇతర చార్జీలు పక్కన పెడుతున్నాను. కానీ నేను ఎనిమిది గదులను కలిపి చూపిస్తాను: 720 యూనిట్లు. 200 దాటగానే మొదటి యూనిట్ ధరే రూ. 5.10 అవుతుంది. 300 దాకా రూ. 7.70, 400 దాకా రూ. 9, ఆపైన 800 దాకా రూ. 9.50. బిల్లు 5,730 రూపాయలు. తలా 716. రెండు ఏసీలున్న బంగళాకు వేసే ధర, ఒక ఫ్యాను, రెండు బల్బులున్న గదికి పడుతోంది. ఓనరు యూనిట్‌కు ఎనిమిది రూపాయలు వసూలు చేస్తాడు. ఆయనను తప్పుపట్టలేను, భాగిస్తే దాదాపు అంతే వస్తుంది. తప్పు ధరకు అంచెలు కట్టిన తీరులో ఉంది. అది మీటరును చూస్తుంది, మీటరు వెనక ఎన్ని పొయ్యిలున్నాయో చూడదు.

2020 లాక్‌డౌన్‌లో నా దీపం మందగించింది. కంపెనీలు మూతబడ్డాయి, కొన్ని గదులు ఖాళీ అయ్యాయి. వలస కార్మికులను సొంతూళ్లకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది మే 1న ఈ ఊరి లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో వెళ్లింది. అది ఎక్కువగా కందిలో ఐఐటీ భవనాలు కట్టేవాళ్లది. మా ఆరో గదివాళ్లకు అందులో చోటు లేదు. మూటలు కట్టుకుని మేడ్చల్ రోడ్డు పట్టి నడిచారు. పని మొదలయ్యాక వాళ్లలో ఇద్దరే తిరిగొచ్చారు, మిగతా ముగ్గురూ కొత్తవాళ్లు.

2024 మార్చి బిల్లుల నుంచి గృహజ్యోతి వచ్చింది. ఆహార భద్రత కార్డు ఉండి, నెలకు 200 యూనిట్లలోపు వాడే ఇంటికి బిల్లు సున్నా. మంచి పథకం, మనస్ఫూర్తిగా అంటున్నాను. కిరాయిదార్లకూ వర్తిస్తుంది. కానీ నేను తొమ్మిదో రోజుకల్లా 200 దాటేస్తాను. శ్రీకాకుళం ఆవిడ ఇక్కడి రేషన్ షాపులో వేలిముద్ర వేసి బియ్యం తెచ్చుకుంటుంది, ఆ వెసులుబాటు ఆంధ్ర, తెలంగాణల మధ్య 2019 ఆగస్టులోనే ప్రయోగంగా మొదలైంది. బియ్యానికి చెల్లిన ఊరి కార్డు ఉచిత కరెంటుకు చెల్లదు. పాలమూరు అమ్మాయికి ఇక్కడి కార్డే ఉంది. పథకం కోసం పెట్టే ప్రజాపాలన దరఖాస్తులో నా నంబరు రాసి ఇచ్చింది. జహీరాబాద్ వాళ్లూ అదే నంబరు రాశారు. ఎవరికీ సున్నా రాలేదు.

మొన్న ఓనరు కిరాయి వసూలుకు వచ్చినప్పుడు పాలమూరు అమ్మాయి నల్లా దగ్గర బిందె దించి అడిగేసింది.

"సార్, గదికో మీటరు పెట్టియ్యండి. ఖర్చు తలా ఇంత ఏసుకుంటం."

"పెట్టిస్త గానీ ఎవరి పేరున పెట్టాలమ్మా? ఈ ఏడు మీరుంటరు, వచ్చే ఏడు ఇంకోళ్లొస్తరు."

"మా పేరెందుకు సార్, మీ పేరునే పెట్టుండ్రి, గది నంబరు ఏసి. ఎవరుంటే వాళ్లు కట్టుకుంటరు."

శ్రీకాకుళం ఆవిడ పక్కనుంచి, "అవును బాబూ, మాకు సున్నా రాకపోయినా రెండొందలతో సరిపోద్ది గదా" అంది.

ఓనరు ఫోను తీసి ఎలక్ట్రీషియన్‌కు కలిపాడు.