మూత వదులైన మరచెంబు

నేను మరచెంబుని. పుట్టింది గోదావరి సీమలో, ఇత్తడి సామాన్లకి పేరుబడ్డ అజ్జరంలో. మామ్మ పెళ్లికి సారెతో వచ్చాను. ఆవిడతో రైళ్లన్నీ తిరిగి, చివరికి కొడుకు ఉద్యోగం పుణ్యమా అని హైదరాబాదు చేరాను. ఇక అటక మీదే తెల్లారిపోతుంది నా బతుకు అనుకున్నా. కానీ మామ్మకి సీసా నీళ్లు పడవు, ప్లాస్టిక్ వాసనట. అందుకని ఆదివారం పూట ఏ కోటకి బయల్దేరినా పులిహోర డబ్బా పక్కన నాకో చోటుంటుంది.

కోటకెళ్తే అందరూ ఫిరంగులు చూస్తారు. చెంబుని కదా, నా ధ్యాసంతా నీళ్ల మీదే. అంత ఎత్తున కూర్చున్న రాజుగారికి దాహమేస్తే ఏం చేసేవారు?

భువనగిరి కొండ మీద దానికి జవాబు సులువు. ఊరు హైదరాబాదుకి 50 కిలోమీటర్లు, వరంగల్ దారిలో. కొండంతా ఒకటే రాయి, 500 అడుగులకి పైనే. చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడికి త్రిభువనమల్లుడని బిరుదు. ఆ పేరు మీద త్రిభువనగిరి అయి, వాడగా వాడగా భువనగిరిగా మిగిలింది. పైన బండలోనే గుంటలున్నాయి. వాన కురిస్తే నిండుతాయి, అంతే. వానదేవుడు తప్ప వేరే నీళ్లకావడి లేదు.

నా బతుకులో పెద్ద ప్రమాదం జరిగింది అక్కడే. మెట్లయ్యాక నున్నటి బండ మొదలవుతుంది. మామ్మ కొడుకు ఒక చేత్తో ఫోను పట్టుకుని ఫొటో తీస్తూ, రెండో చేత్తో నన్ను పొట్టకి అదిమిపెట్టి మూత తిప్పబోయాడు. మూత జారింది. టంగు టంగుమంటూ వాలు వెంట దొర్లి, కింద ఎక్కివస్తున్న కుర్రాడి బూటుకి తగిలి ఆగింది. దొరికింది గానీ అంచు నొక్కుకుపోయింది. ఆ రోజు నుంచీ మర సరిగ్గా బిగుసుకోదు, నీళ్లు కారతాయి. మెడ కింద తడిగుడ్డ చుట్టి తీసుకెళ్తారు. తడిగుడ్డ వల్ల నీళ్లు చల్లగా ఉంటాయని మామ్మ సమర్థన.

బీదరుకి ఒక్కసారే వెళ్లాం. దూరం, తెల్లవారకముందే లేవాలి. అక్కడి ఎర్రరాయి వాన నీటిని పీల్చుకుంటుంది. బహమనీ సుల్తానుల కాలంలో పారశీక దేశపు పద్ధతిలో భూమి కింద సొరంగం తవ్వి, ఆ ఊటని వాలు మీద ఊరివైపు నడిపించారు. కరేజ్ అంటారు. ఎద్దు అక్కర్లేదు, చక్రం అక్కర్లేదు, ఎండకి ఆవిరైపోతుందన్న భయమూ తక్కువే. సొరంగంలోకి గాలీ వెలుతురూ పోవడానికి మధ్యమధ్య బావులు. నౌబాద్ దగ్గర ఒక దానిలోకి తొంగి చూస్తుంటే చల్లటి గాలి తగిలింది. వచ్చేటప్పుడు దుకాణంలో బిద్రీ కూజా చూశాను. నల్లటి ఒళ్లు, మీద వెండి తీగలు. ఆ నలుపు కోటలోని మట్టితోనే వస్తుందట. నాకు మాత్రం చింతపండుతో తోమితేనే మెరుపు! కాస్త కుళ్లుకున్న మాట నిజం.

గోల్కొండ లెక్క వేరు. చుట్టాలొచ్చినప్పుడల్లా అక్కడికే తీసుకెళ్తారు కాబట్టి నాకు కంఠతా వచ్చు. గుమ్మం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొట్టడం, పైన విన్నామని మురవడం, రామదాసు చెరలో దణ్ణం పెట్టుకోవడం. ఎవరూ గోడల్లోకి చూడరు. రాళ్ల సందున విరిగిన మట్టి గొట్టాలు కనిపిస్తాయి. కింద తొట్లలో నీళ్లు. కుండల వరస కట్టిన చక్రాలు వాటిని ఒక అంచె పైకి తోడిపోసేవి. అక్కడి తొట్టి నుంచి ఇంకో చక్రం ఇంకో అంచెకి. పైకి చేరిన నీళ్లు గోడల్లోని గొట్టాల గుండా దిగివచ్చి రాణీమహల్ ఫౌంటెన్‌లో చిమ్మేవి. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు చుట్టుముట్టినా కోట దాహానికి లొంగలేదు. లోపలివాడే లంచం తిని తలుపు తీశాడు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మనవడు అలాంటి గొట్టం ఒకటి పట్టాడు. చెవి ఆనించి విన్నాడు. తర్వాత నా మూత తీసి, అడుగున మిగిలిన నీళ్లన్నీ అందులో వంపేసి, గబగబా కింది మెట్టుకి పరిగెత్తి గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఒరేయ్, తాగే నీళ్లురా అవి!" అంది మామ్మ రొప్పుతూ.

"ఉండు మామ్మా, కింద వస్తాయి."

ఎంతసేపు చూసినా రాలేదు. మామ్మ వాడి పక్కనే మెట్టు మీద కూలబడి, ఖాళీగా ఉన్న నన్ను ఒళ్లో పెట్టుకుని, తనూ గోడ వైపే చూస్తూ కూర్చుంది.