కాంగ్రెస్ గడ్డిలో కల్యాణం

ఇక మనకూ ఒక కాస్ పీఠభూమి వచ్చేసినట్టే. లంబసింగి ఆంధ్రా కశ్మీర్, హార్స్‌లీ హిల్స్ ఆంధ్రా ఊటీ, గండికోట ఇండియా గ్రాండ్ కాన్యన్ అయ్యాక, పేరు అరువు తెచ్చుకోని గుట్టలు ఆదోని వైపే మిగిలాయి. రీళ్లవాళ్లు వాటికి కాస్ పేరు తగిలించి ఆ లోటూ తీర్చారు. సతారా దగ్గరి ఆ పూల పీఠభూమి ఎత్తు దాదాపు 1,200 మీటర్లు, ఆదోని 435. అక్కడ పడమటి కనుమల కుండపోత, మనకు మబ్బు కనిపిస్తేనే పండగ. అయినా ఫోన్ తెరలో అన్నీ ఒకటే ఎత్తు కదా!

కౌతాళం నుంచి ఆదోని పోయే దారిలో ఒక ప్రీ వెడ్డింగ్ షూట్ చూశాను. నడుము దాకా తెల్లపూలు. కాబోయే పెళ్లికూతురు పట్టుచీర కొంగు ఆ పూల మీద పరిచి మురిసిపోతోంది. అదంతా కాంగ్రెస్ గడ్డి! చేలో కనిపిస్తే రైతు తిట్టిపోసే వయ్యారిభామ!

అమెరికా ఖండంలో పుట్టి, 1950ల్లో పుణే దగ్గర మనవాళ్ల కంటపడి, ఆనక దేశమంతా కాళ్లు చాపుకున్న కలుపు ఇది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. తగిలితే దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే ఆయాసం, పశువు మేస్తే పాలు చేదు. దీన్ని తినిపెట్టమని 1980ల్లో మెక్సికో నుంచి పెంకుపురుగుని తెప్పించారు మన శాస్త్రవేత్తలు. ఒకరి పెళ్లి ఆల్బమ్ నమిలేస్తున్నానని పాపం దానికేం తెలుసు?

పెళ్లికొడుకు ఒక గుత్తి తుంచి ఆమె చెవి వెనక పెట్టాడు. మూడుముళ్ల కన్నా ముందే మూడు తుమ్ములు. ‘ఇంకొంచెం లోపలికి మేడం’ అంటాడు ఫోటోగ్రాఫరు. కలుపు తీసే కూలీలు దొరక్క ఏడుస్తున్న రైతుకిది మంచి అవకాశమే. తిరిగొచ్చేటప్పుడు మనిషికి పది మొక్కలు వేళ్లతో పీక్కురావాలని షరతు పెట్టొచ్చు. చిక్కల్లా ఒకటే. ఈ గడ్డిని పూత రాకముందే పీకాలి, పూత లేకపోతే వీళ్లు రారు.



మనకు పూలు లేకనా? నాలుగు వానలు పడితే బండ సందుల్లో వేలెడు మన్నున్న చోటల్లా విష్ణుక్రాంత నీలంగా విచ్చుకుంటుంది. తుమ్మి, పల్లేరు, గునుగు, తంగేడు, దేని సోకు దానిది. వాటిలో సగం చూడాలంటే వంగాలి. వంగితే సెల్ఫీలో మొహం పడదు. అందుకని వాటి మీదే బైకులు నిలుపుతారు. పైగా ప్రకృతిని పాడుచేస్తున్నావంటూ గొర్రెలు కాసుకునేవాణ్ణి అదిలిస్తారు. తాతల నాటి నుంచి ఆ గుట్ట మీద తిరుగుతున్నవాణ్ణి!

సిగ్గులేకపోతే సరి. కంకర కోసం గుట్టకు మందుగుండు పెట్టి పేలుస్తుంటే ఈ పూల ప్రేమికుల్లో ఒక్కడి కెమెరా అటు తిరగదు. గుట్టే పోయాక పువ్వు ఎక్కడ పూస్తుంది, వీళ్ల నెత్తినా? పంట పోయి ఆదోని వైపు పడమటి మండలాల జనం పిల్లాజెల్లాతో గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతారు, వీధులకు వీధులే తాళాలేసి. ఆ తాళాల మీద రీలు ఎవడు తీశాడు?

కాస్‌లో సందర్శకుల లెక్కకు పరిమితి ఉంది, ముందే బుక్ చేసుకోవాలి, పూలల్లో అడుగుపెడితే ఊరుకోరు. పేరు మోసుకొచ్చినవాళ్లు ఆ కట్టుబాటు మాత్రం అక్కడే వదిలేసి వచ్చారు. తెచ్చి ఉంటే గుట్ట దిగాల్సిన మొదటి బ్యాచ్ వాళ్లదే.