అమెరికా పోయొచ్చిన వైరు బుట్ట

నేను వైరు బుట్టను. ఆకుపచ్చ వైరు మధ్యలో తెల్లగళ్లు వచ్చేలా అల్లారు నన్ను. మూత లేదు, జిప్పు లేదు. పైనుంచి ఒక్క చూపు చూస్తే నాలో ఏముందో అందరికీ తెలిసిపోతుంది. నన్ను అల్లినామెను అమ్మ అనే పిలుచుకుంటాను.

అమ్మ పుట్టిల్లు ధర్మవరం. మగ్గం గుంట పక్కనే ఆడుకుంటూ పెరిగిన మనిషి. బడి నుంచి రాగానే పలక మూలన పెట్టి పట్టు కండెలు చుట్టేది. పెళ్లయి హిందూపురం వచ్చాక ఆ వేళ్లకు పని లేకుండా పోయింది. నాయన చింతపండు మండీలో లెక్కలు రాసేవాడు. ఆయన పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు గానీ వచ్చేవాడు కాదు. పక్కింటామె దగ్గర అల్లిక నేర్చుకుని అమ్మ మొదట ఒక చిన్న పూలబుట్ట అల్లింది, ఆ తర్వాత నన్ను. అమ్మకు పెనుకొండలో ఒక అక్క ఉంది. ఇంట్లో పిల్లలందరికీ పెద్దమ్మ, కాబట్టి నాకూ పెద్దమ్మే.

గుంతకల్లు నుంచి బెంగళూరు పోయే రైలుమార్గం మీద ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. నా తిరుగుడంతా ఆ మూడూళ్ల మధ్యే. పండక్కి ఓళిగలు మోశాను, పెళ్లికి పూలు మోశాను, ఆస్పత్రికి ఫ్లాస్కు మోశాను. అంతకు మించిన దూరం నా నుదుట రాసి ఉందని అనుకోలేదు.

అమ్మ కొడుక్కి న్యూజెర్సీలో ఉద్యోగం, కోడలిదీ ఉద్యోగమే. పెదనాయన పోయాక పెద్దమ్మ ఒంటరిదయింది కదా, ఆమెను కూడా తీసుకొని ముగ్గురూ రండి, ఆర్నెల్లు ఉండిపోండి అని పట్టుబట్టారు. సందర్శకుల వీసా మీద వెళ్లినవాళ్లను మామూలుగా ఆర్నెల్ల వరకు ఉండనిస్తారు. మనవైపు తల్లిదండ్రుల అమెరికా ప్రయాణాలన్నీ ఆ లెక్కలోనే నడుస్తాయి. పెట్టెల్లో రాగిపిండి, బొరుగులు, చింతపండు, శెనక్కాయ పొడి సర్దారు. మాత్రలు, కళ్లద్దాలు, మంకీ క్యాపులు, ముగ్గురి పాస్‌పోర్టుల కవరు నాలో పెట్టారు. కోడలు వీడియోలో చూసి, "అత్తా, చేతికి మంచి బ్యాగు ఒకటి కొనుక్కోండి" అంది. "దీంట్లో అయితే చెయ్యి పెట్టగానే దొరుకుతాయమ్మా" అంది అమ్మ. నా ప్రయాణం అట్లా ఖాయమైంది.

దేవనహళ్లి విమానాశ్రయం అమ్మా నాయనలకు కొత్త కాదు. హిందూపురం నుంచి బెంగళూరు పోయే దారిలోనే గదా. ఎంతోమందిని సాగనంపడానికి పోయారు. లోపలికి పోవడమే కొత్త. తనిఖీ దగ్గర ట్రేలో పడుకోబెట్టి నన్ను యంత్రంలోకి తోశారు. అవతల అందుకున్న అమ్మాయి నన్ను తిప్పి చూసి, "మా అమ్మమ్మ దగ్గర ఇట్లాంటిదే ఉండేది" అంది. ఆ మాటతో అమ్మకు భయం సగం పోయింది.

న్యూజెర్సీలో మొదటి రోజులు బాగా గడవలేదు. ఇల్లు పెద్దది, వెలుతురు బాగా ఉంది, మనవరాలూ మనవడూ ముద్దుగా ఉన్నారు. కానీ ఎనిమిదింటికల్లా పసుపుపచ్చ బస్సు వచ్చి పిల్లల్ని తీసుకుపోయేది. కొడుకూ కోడలూ ఎవరి కంప్యూటరు ముందు వాళ్లు కూర్చునేవాళ్లు. అంట్లు యంత్రం తోమేది, బట్టలు యంత్రమే ఉతికి ఆరబెట్టేది. పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుని వీధిలోకి చూస్తూ, "ఈడ మనుషులు ఉండారా లేదా అప్పా? పొద్దుట్నుంచి ఒక్కరు నడిచి పోలేదు" అనేది. పెనుకొండలో ఆమె అరుగు మీద కూర్చుంటే గంటలో నలుగురు పలకరించి పోతారు. కొత్త చోట ముసలివాళ్లను కుంగదీసేది దూరం కాదని నాకు అప్పుడే తెలిసింది. చేతికి పని లేకపోవడం, పేరు పెట్టి పిలిచే మనిషి లేకపోవడం, ఈ రెండే. గ్యారేజీలో ఒక కొక్కేనికి తగిలించి వదిలేసిన నాకు ఆ బాధ బాగానే అర్థమైంది.

దానికి మందు కనిపెట్టింది నాయన. ఒక సాయంత్రం, "శెనక్కాయలు ఉడకెయ్ మే, పార్కుకు పోదాం" అన్నాడు. ఇండియా దుకాణంలో పచ్చి శెనక్కాయలు దొరికాయి. అమ్మ ఉప్పేసి ఉడకబెట్టి, గిన్నె మీద పళ్లెం మూసి నాలో పెట్టింది. వేడి నా అడుగుకు తగులుతుంటే, హిందూపురం బస్టాండులో ఉన్నట్టే అనిపించింది.

ఆ పార్కులో, చెరువు పక్కన బెంచీ మీద, ఒక పెద్దాయనా ఆయన భార్యా కన్నడంలో మాట్లాడుకుంటున్నారు. హిందూపురం వాళ్లకు కన్నడం పరాయి భాష కాదు. మండీకి చాలా సరుకు సరిహద్దు అవతలి నుంచే వస్తుంది. నాయన ఆగి, "నిమ్మదు యావ ఊరు?" అని అడిగాడు. ఆయన నిదానంగా లేచి నిలబడి, "గౌరిబిదనూరు" అన్నాడు.

గౌరిబిదనూరు! మా పక్క ఊరు. హిందూపురంలో బెంగళూరు రైలెక్కితే కాసేపట్లో వచ్చే ఊరు. ఆ మధ్యలోనే విదురాశ్వత్థం. అమ్మ అక్కడే నాగప్రతిష్ఠ చేయించుకుంది, ఆ పెద్దాయన భార్య కూడా అక్కడే. ఆయన రిటైరైన బడి పంతులు. ఏటా వేసవిలో హిందూపురం వచ్చి ఇంటికి సరిపడా చింతపండు కొనుక్కుని పోయేవాడట. "ఏ మండీలో?" అంటే "ఏ మండీలో?" అని ఇద్దరూ ఒకరినొకరు నిలదీసుకున్నారు. అన్నేళ్లు ఒకే వీధిలో నడిచి, పలకరించుకోకుండా, సముద్రాలు దాటి వచ్చి ఒక బెంచీ మీద కలుసుకున్నారు. పెద్దమ్మ శెనక్కాయలు పంచింది. పొట్టు కింద పడకుండా అందరి చేతుల్లోంచీ తీసుకుని నాలోకే వేసింది. ఆ రోజు తడి పొట్టుతో నిండి ఇంటికి పోతుంటే, నా బరువు నాకు ఎంతో హాయిగా ఉంది.

అప్పటి నుంచి సాయంత్రాలకు ఒక ఆకారం వచ్చింది. అక్కడ ఎండాకాలంలో రాత్రి ఎనిమిది దాటినా వెలుతురు పోదు. కాబట్టి కూర్చున్నంతసేపు కూర్చోవచ్చు. ఒకరోజు ఊరిబిండి పెట్టిన రొట్టెలు, ఒకరోజు వాళ్ల ఒబ్బట్లు. రెండిళ్ల పిల్లలూ స్నేహితులయ్యారు. గ్యారేజీ కొక్కెం నుంచి నన్ను దించి వంటింటి తలుపు వెనక తగిలించారు.

ఇక అమ్మ వేళ్లు. పెట్టె అడుగున రెండు వైరు కట్టలు తెచ్చుకుందని ఎవరికీ తెలియదు. ఊరి లైబ్రరీలో వారానికోసారి అల్లికల వాళ్లు కూడతారని కోడలు ఎక్కడో చదివి అమ్మనూ పెద్దమ్మనూ తీసుకుపోయింది. అక్కడంతా ఉన్ని, సూదులు. అమ్మ పసుపు, నీలం వైర్లు తీసి బల్ల మీద పెట్టగానే అందరూ చుట్టూ చేరారు. నన్ను నమూనాగా మధ్యలో పెట్టారు. వైరును సమానమైన ముక్కలుగా కత్తిరించి, సగానికి మడిచి, మడత దగ్గర మొదటి ముడి వేయాలి. ఒకదాని వంకీలోంచి ఇంకోదాన్ని దూర్చి, నాలుగు కొసలూ నాలుగు దిక్కులకు లాగితే ముడి చిన్న చతురస్రంగా కూర్చుంటుంది. లాగడం తక్కువైతే బుట్ట కుంగుతుంది, ఎక్కువైతే వంకర పోతుంది. మూల తిరిగే చోటే అసలు విద్య. అమ్మకు ఇంగ్లీషు రాదు, వాళ్లకు తెలుగు రాదు. వేలు పట్టుకుని చూపించింది. అంతే.

ఆ గుంపులో ఒక కొరియా అవ్వ ఉంది. ముడి చూసిన మరుక్షణమే పట్టేసింది. పెద్దమ్మ ఆమె పక్కన కూర్చుని, ఎక్కడి మనిషో కోడలి ద్వారా తెలుసుకుని, గట్టిగా, "కియా!" అంది. పెద్దమ్మకు తెలిసిన కొరియా అదే. 2017లో కియా కంపెనీ పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీకి ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 2019లో సెల్టోస్ కార్లు బయటికి రావడం మొదలైంది. ఆ తర్వాత పెద్దమ్మ కూరగాయలు కొనే చోట కొరియా వాళ్లు కూడా కొంటున్నారు. ఆ ముచ్చటంతా కోడలు ఇంగ్లీషులో చెబుతుంటే కొరియా అవ్వ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. బయట పార్కింగులో పెద్దమ్మ ఒక కియా కారు దగ్గర ఆగి, దాని ముందున్న అక్షరాలు తడిమింది. "ఇవి ఇక్కడే జార్జియాలో తయారవుతాయి పెద్దమ్మా" అన్నాడు కొడుకు. "అయితే ఏమప్పా, మా ఊరి పేరు తెలిసిన కారు" అందామె. ఆమె మాట సరైనదేనని నా నమ్మకం. ఊరిని గుర్తు చేసే వస్తువు ఎక్కడ తయారైతేనేం?

నయాగరా చూశాం. దాన్ని గురించి చెప్పడానికి వేరేవాళ్లు చాలామంది ఉన్నారు. పడవలో అందరికీ నీలిరంగు వానకోట్లు ఇచ్చారు. నాకు అక్కర్లేకపోయింది, హాయిగా తడిశాను. నాకు ఎక్కువ గుర్తున్నది దారిలో రోడ్డు పక్కన విశ్రాంతి స్థలం. చెట్ల కింద చెక్కబల్లలు ఉన్నాయి. పొద్దున నాలుగింటికి లేచి అమ్మ చేసిన ఉగ్గానిని డబ్బాలోంచి తీసి, పైన పప్పుల పొడి చల్లి, కాగితం పళ్లేల్లో పెట్టింది. బొరుగులు మెత్తబడ్డాయి, చల్లారాయి. అయినా మనవడు మూడుసార్లు పెట్టించుకున్నాడు. ఇంట్లో పిలిచినా రాని పిల్లాడు, "జేజీ, ఇది రోజూ చెయ్యి" అన్నాడు. అమ్మ ముఖం ఆ జలపాతం దగ్గర కూడా అంతగా వెలగలేదు.

ఒక చోటు గురించి మాత్రం నిదానంగా చెప్పాలి. ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియం. ముందున్న మెట్లు రాకీ సినిమాతో పేరుపడ్డాయట, పిల్లలు పరుగెత్తుకుంటూ ఎక్కారు. మోకాళ్ల నొప్పులతో అక్కాచెల్లెళ్లు లిఫ్టులో వచ్చారు. తినేవన్నీ కారులో తీసేసి కళ్లద్దాలతో మాత్రం నన్ను లోపలికి తెచ్చారు. గది తర్వాత గది దాటుతూ ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా గుడి మండపం. నిజమైన రాతి స్తంభాలు, వాటి మీద నిలువెత్తు విగ్రహాలు. మదురైలోని మదనగోపాలస్వామి గుడివి అవి. 16వ శతాబ్దపు పని. 1912లో మన దేశం వచ్చిన ఆడెలిన్ పెప్పర్ గిబ్సన్ అనే ఫిలడెల్ఫియా ఆమె ఆ రాళ్లను కొన్నారు. ఆమె చనిపోయాక 1919లో ఆమె జ్ఞాపకంగా ఇంటివాళ్లు మ్యూజియానికి ఇచ్చారు. కొడుకు ఫలకం చదివి చెబుతుంటే పెద్దమ్మ చెప్పులు విడవబోయింది. కొడుకు ఆపలేదు, చెప్పులు తీసి పట్టుకున్నాడు.

ఈ రాళ్లను చెక్కిన కాలంలో మదురై నాయకులు విజయనగర రాజుల కింద ఉండేవాళ్లు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత ఆ రాజులు తరలివచ్చింది పెనుకొండకే. పెద్దమ్మ రోజూ వాళ్ల గగన్‌మహల్ ముందు నుంచే నడుస్తుంది. మాకు దగ్గరి లేపాక్షి గుడిని కట్టించిన విరూపణ్ణ కూడా పెనుకొండలో పని చేసినవాడే. ఇదంతా నాయన మనవరాలికి చెబుతున్నాడు. అమ్మ వినడం లేదు. ఒక స్తంభం మొదట్లో చెక్కిన లత దగ్గర ఆగిపోయింది. ముట్టుకోకూడదని తెలుసు. గాలిలోనే వేలు తిప్పుతూ, తీగ ఎక్కడ మలుపు తీసుకుంటుందో, పువ్వు ఎన్ని పేకలకు ఒకసారి వస్తుందో లెక్కపెట్టింది. ధర్మవరం నేతగాళ్లు లేపాక్షి స్తంభాల మీది లతల్ని అంచుల్లోకి ఎక్కించుకోవడం పాత అలవాటు. "అక్కా, మన నాయన నేసిన అంచు" అంది అమ్మ. పెద్దమ్మ వంగి చూసి, "అవునే. మామిడిపిందె ఒక్కటే తక్కువ" అంది. ఇద్దరూ అక్కడే బల్ల మీద కూర్చుని, తమ నాయన మగ్గం మీద కూర్చునే తీరు, రాత్రిపూట ఆయన అట్టలు గుద్దే చప్పుడు, తాము కండెలు తప్పు చుట్టి తిన్న తిట్లు, అన్నీ చెప్పుకున్నారు. మనవరాలు మధ్యలో దూరి ప్రతిదానికీ "అంటే?" అంటూ అడిగింది. ఆ పిల్లకు ముత్తాత అనే మనిషి ఒకడు ఉన్నాడని ఆ రోజే తెలిసింది. తిరిగి వచ్చాక, అమ్మ అల్లుతున్న పసుపు-నీలం బుట్టకు ఒక వైపు తానే అల్లుతానని పట్టుబట్టింది. మూడు వైపులు అమ్మ అల్లింది, నాలుగో వైపు ఆ పిల్లది. ఆ వైపు కొంచెం వదులు. ఇప్పుడా పిల్ల ఆ బుట్టలో ఫుట్‌బాల్ బూట్లు వేసుకుని బడికి పోతోంది.

చలి మొదలై చెట్లన్నీ ఎర్రబడే రోజుల్లో మేం బయల్దేరాం. గౌరిబిదనూరు వాళ్లు మాకంటే ముందే వచ్చేశారు. ఫోన్లు నడుస్తూనే ఉన్నాయి. వచ్చే ఆదివారం వాళ్లు రైల్లో హిందూపురం వస్తున్నారు. అందరం కలిసి లేపాక్షి పోవాలనుకున్నాం. మధ్యాహ్నం వాళ్లకు చింతపండు కావాలని నాయన మండీలో ముందే చెప్పి ఉంచాడు. అమ్మ ఉగ్గానికి బొరుగులు తెప్పించింది. నన్ను సబ్బునీళ్లతో కడిగి పెరట్లో ఆరవేసింది. నిన్న రాత్రి పెద్దమ్మ పెనుకొండ నుంచి ఫోను చేసింది.

"పొద్దున రైలుకే వస్తాండా. శెనక్కాయలు నువ్వు ఉడకెయ్యొద్దే, నీకు ఉప్పు తెలీదు. నేనే తెస్తా."